కయ్యానికి ఉజ్జీ, వియ్యానికి ఉజ్జీ

కాలేజీల కబడ్డీ పోటీలు జరిగితే చాలు, జిల్లా పేజీలో 'సమ ఉజ్జీల సమరం' అన్న శీర్షిక పడాల్సిందే. ఉజ్జీ అంటేనే సాటివాడు కదా, మళ్లీ ముందు 'సమ' ఎందుకని మనవాళ్లలో ఒకరు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ 'నడిసెంటర్' అని రోజూ అంటూనే ఉన్నాం, దానివల్ల ఏ ఊరి సెంటరూ పక్కకి జరగలేదు. ఆ 'సమ'నీ అలా ఉండనిద్దాం. నాకు 'కయ్యానికైనా వియ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలి' అన్న సామెత మీద నాలుగు మాటలు చెప్పాలనుంది.

ఉద్ది, ఉజ్జి, ఉజ్జీ అన్నీ ఒక్క మాటే. దాన్ని మన గోదావరి జిల్లాల్లో నిక్కచ్చిగా వాడేది పందెం బరి దగ్గర. రెండు పుంజుల్నీ ఎదురెదురుగా పెట్టి ఎత్తు చూస్తారు, పొట్ట కింద చెయ్యేసి లేపి బరువు చూస్తారు, డేగా కాకా నెమలా అని రంగు చూస్తారు, ఆ రోజు ఏ రంగుకి గెలుపని కుక్కుటశాస్త్రం కూడా చూస్తారు. (చట్టం ఏమంటుందో మాత్రం చూడరు.) ఇన్ని చూశాక గానీ 'ఉజ్జీ కుదిరింది' అనరు. కుదరకపోతే కత్తి కట్టరు.

కాలేజీల గొడవల్లోనూ ఇదే తంతు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో చదివినాయన 'మాది 1853' అంటూ మొదలెడతాడు. కాకినాడ పీఆర్ కాలేజీది 1884. వయసులో తూగలేమని తెలిసి కాకినాడాయన వెంటనే ఇంజనీరింగ్ కాలేజీని బరిలోకి దింపుతాడు. అది 1946లో విశాఖపట్నం పేరుతో మొదలై తర్వాత ఇటొచ్చింది కదండీ అన్నామా, 'ఎక్కడ పుడితే ఏంటండీ, పెరిగింది మా ఊళ్లో' అని కొట్టిపారేస్తాడు. గోదారి దాటి అటెళితే భీమవరం డీఎన్నార్ కాలేజీ 1945, నరసాపురం వైఎన్ కాలేజీ 1949. అంటే భీమవరం నాలుగేళ్లు పెద్ద. డిగ్రీ చదివేసి మరో ఏడాది ఖాళీగా తిరిగినంత కాలమన్నమాట. అంత తక్కువ తేడా కాబట్టే మాటకి మాట అంటించుకోవడం బాగుంటుంది.

ఆ నాలుగేళ్ల బాకీ నరసాపురం వియ్యంలో తీర్చేసుకుంది. 2022 సంక్రాంతికి అక్కడ కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించారని దేశమంతా వార్త పాకింది. మరుసటి ఏడు భీమవరంలో ఒకరింట అల్లుడికి 173 రకాలు. మామూలు ఊళ్లో అయితే అదో వింత. నరసాపురం లెక్కలో సగం కూడా కాదు. పాపం ఆ అత్తగారు ఎన్ని రోజులు పొయ్యి ముందు నిలబడ్డారో ఏమో, జనం మాత్రం 'అబ్బే, ఉజ్జీ కాదండీ' అని తేల్చేశారు.

వింత వార్తలంటే ఇంకోటి. 2024 జనవరిలో వరంగల్ నుంచి కరీంనగర్ వచ్చిన ఆర్టీసీ బస్సులో ఎవరో పందెంకోడిని మరిచిపోయారు. డిపోవాళ్లు దాన్ని కట్టేసి మేత వేసి, చివరికి వేలం వేస్తామని ప్రకటించారు. ఈలోగా 'ఆ కోడి నాది' అంటూ ఒకాయన బయటికొచ్చాడు, వేలం ఆగింది. అదే మన భీమవరం డిపోలో దిగుంటేనా, వేలం మాట దేవుడెరుగు, సాయంత్రానికల్లా దానికి ఉజ్జీని వెతికేసేవారు.

ఇక పద్యం సంగతి. ఈ సామెత భావం మన రాజమహేంద్రవరంలోనే నన్నయ ఆదిపర్వంలో కందంగా రాశాడు. సందర్భం ఏంటో చూడండి: ఇద్దరు పాత క్లాస్‌మేట్ల గొడవ. ద్రోణుడూ ద్రుపదుడూ ఒకే గురువు దగ్గర చదువుకున్నారు. చదువయ్యాక ఒకడు రాజయ్యాడు, ఒకడు పేదరికంలో మిగిలాడు. పాత స్నేహం గుర్తుచేసుకుని వెళ్లిన ద్రోణుడితో ద్రుపదుడు, సఖ్యమైనా వివాహమైనా చదువులో, ధనంలో, నడవడిలో సాటివాళ్ల మధ్యే కుదురుతాయి, 'అగునె రెండు నసమానులకున్' అని మొహం మీదే అనేశాడు. ద్రోణుడు ఏం చేశాడు? శిష్యుల చేత ద్రుపదుణ్ణి కట్టి తెప్పించి, సగం రాజ్యం తన దగ్గర ఉంచుకున్నాడు. సరిగ్గా సగం. ఉజ్జీ కుదిరింది.

ఒక తేడా గమనించారా? పద్యంలో ఉన్నది సఖ్యం, వివాహం. జనం నోట్లో సఖ్యం పోయి కయ్యం వచ్చి కూర్చుంది. ప్రాస కోసమే అంటారా? నాకైతే నమ్మకం లేదు.

పాలకొల్లు నుంచి: ప్రాస కోసం కాదండి. చిన్నప్పుడు ఆటల్లో ఉద్దీలు వేసుకునేవాళ్లం గుర్తుందా? సమానంగా ఆడే ఇద్దరు భుజాల మీద చేతులేసుకుని పక్కకెళ్లి దొంగపేర్లు పెట్టుకుని వచ్చేవారు. 'మామిడిపండు కావాలా, జాంపండు కావాలా' అనడిగితే నాయకులు తలొకటి కోరుకునేవారు. దాంతో చెరో జట్టు. వెళ్లినప్పుడు సఖ్యం, తిరిగొచ్చాక కయ్యం. ఇద్దరూ ఉద్దీలే.

అమలాపురం నుంచి: కాలేజీల లెక్కలో మా కోనసీమ ఊసే ఎత్తలేదేంటి మాస్టారూ? ఉజ్జీ ఎవరూ దొరకలేదా?

ఆయ్, దొరకలేదండి. వెతుకుతున్నాం. పాలకొల్లు వారి మాటతో నాకున్న అనుమానం తీరిపోయింది, ఉద్దీలు నాకు తట్టనే లేదు.

కాకినాడ నుంచి: అదంతా సరే గానీ, ఆ 365లో మా గొట్టం కాజానీ తాపేశ్వరం మడత కాజానీ రెండుగా లెక్కేశారా, ఒకటిగానా? ఒకటిగా వేసుంటే మాత్రం మేం ఒప్పుకోం.