మొక్కల సారాన్ని హైడ్రోజెల్‌లో ఎప్పుడు కలపాలి: జెల్ కట్టక ముందా, కట్టిన తర్వాతా?

ఫార్మసీ_పీజీ
గాయాలపై వేసే హైడ్రోజెల్ (నీటిని పట్టి ఉంచే పాలిమర్ వల) పట్టీల గురించి అడుగుతున్నాను. పాలీవినైల్ ఆల్కహాల్, అంటే పీవీఏలో కలబంద గుజ్జునో పసుపు సారాన్నో చేర్చి చేసిన జెల్‌ల మీద పత్రాలు చదివే కొద్దీ అయోమయం పెరుగుతోంది. దాదాపు అవే పదార్థాలతో చేసిన జెల్ ఒకరి చేతిలో బాగా ఉబ్బుతోంది, మరొకరి చేతిలో విడిపోతోంది. సారాన్ని పాలిమర్ ద్రావణంలోనే కలిపేయాలని మా విభాగంలో కొందరు, ముందు ఖాళీ జెల్ చేసి కడిగి ఆరబెట్టి ఆ తర్వాతే సారంలో నానబెట్టాలని మరికొందరు వాదిస్తున్నారు. మీరు ఏది సరైనదంటారు, ఎందుకంటారు?

పాలిమర్_పాఠకుడు
తర్వాతే కలపాలన్నది నా అభిప్రాయం. గామా కిరణాలతో గానీ, పర్‌సల్ఫేట్ వంటి ఇనీషియేటర్‌తో (చర్యను మొదలుపెట్టే రసాయనంతో) గానీ జెల్ కట్టించేటప్పుడు పాలిమర్ గొలుసులను కలిపేవి ఫ్రీ రాడికల్సే, అంటే జత లేని ఎలక్ట్రాన్ ఉన్న చురుకైన అణువులే. మొక్కల సారాలలోని పాలీఫినాల్స్ అనే యాంటీఆక్సిడెంట్లకు మనం ఆపాదించే గొప్పతనమంతా రాడికల్స్‌ను పట్టేయడంలోనే ఉంది కాబట్టి, సారాన్ని ముందే పోస్తే అవి పాలిమర్‌కు అందాల్సిన రాడికల్స్‌ను మింగేస్తాయి. జెల్ వదులుగా కడుతుంది, సారం కూడా ఆ పనిలోనే ఖర్చయిపోతుంది. ఖాళీ జెల్‌ను ముందు కడిగితే మిగిలిపోయిన ఇనీషియేటరో, గొలుసులను కలిపే గ్లూటరాల్డిహైడో బయటికి పోతుంది. గాయం మీద వేసే వస్తువుకు అది చిన్న లాభం కాదు.

మూలిక_రసాయనం
పాఠకుడు గారూ, నానబెడితే లోపలికి వెళ్లేది ఏమిటో కూడా చూడాలి. కలబంద గుజ్జులో దాదాపు 99 శాతం నీరే. మిగిలిన కాస్తలో ముఖ్యమైన ఎసిమానన్ పెద్ద పాలీశాకరైడ్, కట్టిన జెల్ వలలోకి అది సులువుగా దూరదు. పైపొరమీదే నిలిచి మొదటి కడుగుతోనే పోతుంది. పసుపులోని కర్కుమిన్ సంగతి వేరు. అది నీటిలో కరగదు కాబట్టి ఇథనాల్‌లో నానబెట్టాలి, ఇథనాల్‌లో పీవీఏ జెల్ ముడుచుకుపోతుంది. అందుకే ముందే కలపక తప్పదంటాను.

బెంచ్_కెమిస్ట్
ఇద్దరూ సారాన్ని సంచిలో వేసే సరుకులా చూస్తున్నారు. నా దృష్టిలో అది చర్యలో పాల్గొనే పదార్థం, అందుకే "ముందా, తర్వాతా" అన్న ప్రశ్నకు క్రాస్‌లింకింగ్ (గొలుసులను ఒకదానితో ఒకటి కలిపే) పద్ధతి తెలియకుండా జవాబు లేదు.

పీవీఏను సుమారు 90 డిగ్రీల వేడి నీటిలో కరిగించి, మైనస్ 20 డిగ్రీల దగ్గర గడ్డకట్టించి, మళ్లీ కరగనిచ్చే పద్ధతినే తీసుకోండి. ఇక్కడ రాడికల్స్ లేవు, గొలుసులను పట్టి ఉంచేవి చిన్న స్ఫటికాలు మాత్రమే. ఈ గడ్డకట్టించి కరగనిచ్చే చక్రాలు పెరిగే కొద్దీ స్ఫటికాలు పెరిగి జెల్ గట్టిపడుతుంది, ఉబ్బు తగ్గుతుంది. నెమ్మదిగా గడ్డకట్టిస్తే మంచు పలుకులు పెద్దవై రంధ్రాలు పెద్దవవుతాయి, నెమ్మదిగా కరగనిస్తే బలం పెరుగుతుంది. పాలిమర్ ద్రావణం చల్లబడ్డాకే సారం కలిపితే వేడి బెడద కూడా ఉండదు. అయితే ఇథనాల్ సారాన్ని ఒక్కసారిగా పోస్తే పీవీఏ ఉండలు కడుతుంది. టానిన్లు (ఒక రకం పాలీఫినాల్స్) ఎక్కువ ఉన్న సారమైతే పీవీఏతో హైడ్రోజన్ బంధాలు ఏర్పరచి తానే అదనపు క్రాస్‌లింకర్‌గా పనిచేస్తుంది, అంటే ముందే కలపడం వల్ల జెల్ బలహీనపడకపోగా బిగుసుకోవచ్చు.

సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్ అనే పాలిమర్‌లో కథ మరోలా ఉంటుంది. అక్కడ గొలుసులను కలిపేది కాల్షియం. కలబందలోని మాలిక్ ఆమ్లం వంటివి కాల్షియాన్ని పట్టుకుంటాయి, కలబందలో సొంత కాల్షియం కూడా ఉంటుంది. అందుకే ఒకే కాల్షియం క్లోరైడ్ గాఢతతో రెండు బ్యాచ్‌లు రెండు రకాలుగా వస్తే ఆశ్చర్యపోను. పీహెచ్ సంగతీ మరవకూడదు. క్షార ద్రావణంలో కర్కుమిన్ త్వరగా విచ్ఛిన్నమవుతుంది, ఎసిమానన్ ఎసిటైల్ గుంపులను కోల్పోతుంది. అలాంటి జెల్‌కు పసుపు రంగు మిగిలినా పసుపు గుణం మిగిలిందని చెప్పలేం.

పాలిమర్_పాఠకుడు
బాగుంది, కానీ స్టెరిలైజేషన్, అంటే క్రిమిరహితం చేసే సంగతి మీరు దాటేశారు. గడ్డకట్టించి చేసిన పీవీఏ జెల్‌ను 121 డిగ్రీల ఆటోక్లేవ్‌లో పెడితే స్ఫటికాలు కరిగి జెల్ ద్రావణమైపోతుంది. అప్పుడు గామా కిరణాలే దిక్కు, సారానికి రాడికల్స్ బెడద వెనక దారిన తిరిగి వచ్చినట్టే. 1980లలో పోలండ్‌లోని లోడ్జ్‌లో పీవీపీ (పాలీవినైల్ పైరోలిడోన్ అనే పాలిమర్), అగర్, పాలీఇథిలీన్ గ్లైకాల్‌తో చేసిన పట్టీని ప్యాకెట్‌లో మూసివేశాకే, సుమారు 25 కిలోగ్రేల (గ్రే అంటే గ్రహించిన కిరణశక్తి ప్రమాణం) గామా మోతాదుతో, ఒకే దెబ్బకు జెల్ కట్టించి క్రిమిరహితం చేశారు. అంత చక్కని పద్ధతి మొక్కల సారం చేరగానే చిక్కుల్లో పడుతుంది.

బెంచ్_కెమిస్ట్
ఈ అభ్యంతరం బలమైనదే. సారాన్ని 0.22 మైక్రాన్ ఫిల్టర్ గుండా పంపి అసెప్టిక్‌గా (క్రిములు చేరకుండా) కలపవచ్చు, కానీ కలబంద జిగురు ఆ ఫిల్టర్‌ను మూసేస్తుంది. కాబట్టి కిరణాలు తప్పనప్పుడు, సారం వల్ల తగ్గిన జెల్ శాతం (కరగకుండా వలలో నిలిచిన పాలిమర్ వంతు) ఎంతో, కిరణాల తర్వాత మిగిలిన సారం ఎంతో, రెండూ కొలిచి చూపాల్సిందే. చాలా పత్రాల్లో ఈ రెండు అంకెలూ కనబడవు. వాటి బదులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ బొమ్మలు పెట్టి రంధ్రాలు పెరిగాయంటారు. నమూనాను ఫ్రీజ్ డ్రై చేసినప్పుడు మంచు చేసిన రంధ్రాలు ఎన్నో, జెల్‌లో మొదటి నుంచీ ఉన్నవి ఎన్నో ఆ బొమ్మ చెప్పదు.

ఫార్మసీ_పీజీ
పోలిక కోసం సారం లేని ఒక జెల్ చేస్తే సరిపోతుందా, బెంచ్_కెమిస్ట్ గారూ?

బెంచ్_కెమిస్ట్
సరిపోదు. సారంతో పాటు పీహెచ్, చక్కెరలు, లవణాలు, మిగిలిన ఇథనాల్ కూడా వస్తాయి. సారం లేకుండా అదే పీహెచ్‌కు, అదే ఇథనాల్ శాతానికి సరిచేసిన జెల్ ఒకటి తప్పనిసరి. ఉబ్బును స్వేదనజలంలోనే కాక ఫాస్ఫేట్ సెలైన్‌లో (శరీర ద్రవాలను పోలిన ఉప్పు ద్రావణంలో) కూడా కొలవండి. ఆల్జినేట్ అయితే ఆ సెలైన్‌లోని సోడియం, ఫాస్ఫేట్ కాల్షియాన్ని లాగేసి జెల్‌ను విప్పేస్తాయి, గాయపు స్రావంలో సోడియం ఎలాగూ ఉంటుంది. ఫినాల్‌లను రంగు మార్పును బట్టి కొలిచే ఫోలిన్-సియోకాల్టూ పరీక్షతో లెక్కిస్తుంటే, క్షయకరణ చక్కెరలు కూడా ఆ రంగుకు తోడవుతాయి కాబట్టి కలబంద విషయంలో ఆ అంకెను ఒక్కదాన్నే నమ్మకండి.

మూలిక_రసాయనం
ఇవన్నీ ఒప్పుకుంటాను, అయినా ఎసిమానన్ విషయంలో నా మాట మారదు. కట్టిన జెల్‌లోకి అది నానబెడితే వెళ్తుందని ఎవరైనా అడ్డుకోత తీసి లోతు వారీగా కొలిచి చూపితే, అప్పుడు తర్వాత కలిపే పద్ధతి గురించి మాట్లాడదాం.