అప్‌డేట్: పద్మిని కారులో కాలిన వాసన సంగతి తేలింది

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్తుంటే, లైట్లు వేయగానే నా పాత ప్రీమియర్ పద్మిని కారులో కాలిన వాసన వస్తోందని అడిగాను కదా. ఫ్యూజులు చూడమన్నవాళ్లకు చాలా థాంక్స్, దొరికింది!

ఒక ఫ్యూజుకి సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి ఉంది. పాత ఓనరు పనే. హెడ్‌లైట్లకు వేసింది సన్నటి స్పీకర్ వైరు. రెండు 55 వాట్ల బల్బులు 12 వోల్టుల మీద 9 యాంపియర్ల దాకా లాగుతాయి. ఆ వేడికి వైరు తొడుగు కరిగి, బెల్లం పాకంలా డాష్‌బోర్డు వెనక రేకుకి అతుక్కుపోయింది. కరెంటు ఎక్కువైతే కరగాల్సిన ఫ్యూజు, ఇలా కాగితం చుట్టడం వల్ల కరగకపోతే వైరే కాలుతుంది. వెనక సీట్లో పిల్లలు ఉన్నారండీ, తలుచుకుంటే ఇప్పటికీ వణుకే.

మందం వైరు, రిలే (డాష్‌బోర్డు స్విచ్ మీద భారం పడకుండా లైట్లకు కరెంటు పంపే స్విచ్), సరైన ఫ్యూజులు వేయించాను. నిన్న రాత్రి చంద్రగిరి దాకా వెళ్లొచ్చాం, వాసన లేదు. పాత ఓనరు ఇంకెక్కడేం చేశాడో, బ్రేకు పైపులు కూడా విప్పించి చూస్తాను.