సమస్యాపూరణం: “ఇల్లు లేనివాఁడె యేలె నిలను”

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ముందు మూడు పాదాలు మీరు రాసి, అందులోని విరోధాన్ని పోగొట్టాలి. పాదంలో అక్షరం కదలకూడదు. ఒక్క షరతు: శివుణ్ణి తేవద్దు. వల్లకాడు, దిగంబరం అంటూ మొదలుపెడితే ఇరవై మంది ఒకే పద్యం రాస్తారు. ఈసారి యూరప్ రాజవంశాలు, వాళ్ల పుట్టిళ్లు మాత్రమే. విదేశీ పేర్లు గణాల్లో ఇమడవని వంక పెట్టకండి. చార్లెస్‌కి ఒక ఉకారం తగిలిస్తే బుద్ధిగా కూర్చుంటాడు.

నెల్లూరు మాస్టారు:
ఆస్ట్రియాను ఏలిన హాప్స్‌బర్గు వంశాన్ని పట్టుకున్నాను. వాళ్లకు ఆ పేరిచ్చిన కోట ఇప్పటి స్విట్జర్లాండులో, ఆర్గావ్ ప్రాంతంలో ఒక గుట్ట మీద ఉంది. 1415లో బెర్న్ నగరం వాళ్లు లాగేసుకున్నారు.

కొండమీఁది కోట కోలుపోయియు వంశ
లతిక దూరమేగి లాతి నేల
వేళ్ళుదన్ని యెదిగి విరిసె నాస్ట్రియయందు;
ఇల్లు లేనివాఁడె యేలె నిలను.

నిర్వాహకుడు:
మాస్టారూ, గణాలు, యతులు నిక్షేపంగా ఉన్నాయి. “లాతి నేల” (పరాయి నేల) చదవగానే ప్రాణం లేచొచ్చింది. కానీ రెండు చిక్కులు. మూడు పాదాల్లో లతిక పాకింది, నాలుగో పాదంలోకి “వాడు” ఎక్కణ్నించి ఊడిపడ్డాడు? అన్వయం తెగింది. రెండోది చరిత్ర. కోట పోయాక ఆస్ట్రియాలో వేళ్లు తన్నారన్నట్టు చెప్పారు. ఆ వంశపు రుడాల్ఫ్ 1273లో జర్మన్ల రాజై, కొడుకులకు ఆస్ట్రియా కట్టబెట్టింది 1282లో. అంటే కోట చేజారేనాటికే వాళ్లు అక్కడ స్థిరపడి నూట ముప్పై ఏళ్లు దాటింది. కోటలో కాపురం మానేసి అంతకంటే ఎక్కువే అయింది.

నెల్లూరు మాస్టారు:
అయితే ఇలా చూడండి.

పేరు మాత్రమిచ్చి పెఱవారి పాలయ్యెఁ
గొండకోట; యైనఁ గొఱఁత లేదు;
పొద్దు గుంకదయ్యె భూమిఁ జార్లెసు నాఁట;
ఇల్లు లేనివాఁడె యేలె నిలను.

సిడ్నీ వదిన:
ఇది పద్యం! “పేరు మాత్రమిచ్చి” దగ్గరే సగం కథ అయిపోయింది. పొద్దు గుంకని రాజ్యం అంటే మనకు తెల్లదొరలే గుర్తొస్తారు గానీ, ఆ మాట వాళ్లకంటే ముందు హాప్స్‌బర్గుల ఐదో చార్లెస్ రాజ్యానికే చెల్లింది. అన్నట్టు మాస్టారూ, ఆయనకు నిలకడగా ఒక రాజధాని కూడా లేదు. 1500లో గెంట్‌లో పుట్టి, ఏలినన్నాళ్లూ ఊరూరా తిరిగి, రాజ్యం దించుకున్నాక స్పెయిన్‌లో యుస్తే మఠాన్ని ఆనుకుని కట్టించుకున్న ఇంట్లో 1558లో పోయాడు. సమస్యకు రెండు విధాలా సరిపోయాడు.

వరంగల్ పంతులుగారు:
నేను బ్రిటన్ వైపు వెళ్లాను. ఐదో జార్జి 1917 జులైలో శాక్స్-కోబర్గ్-గోథా అనే జర్మన్ వంశనామాన్ని తీసేసి విండ్సర్ పెట్టుకున్నాడు కదా.

జర్మనింటి పేరు జార్జి మాన్పిన నాఁడు
కొలువు కోట పేరె కొత్త పేరు;
ఇంటి పేరు లేని యీ రాజె గద యన్న
ఇల్లు లేనివాఁడె యేలె నిలను.

కడప కుర్రాడు:
పంతులుగారూ, కోపగించుకోకండి. రెండో పాదం నాకు నోటికొచ్చేసింది. కానీ సమస్య తెగలేదు. ఇంటిపేరు లేనివాడు ఇల్లు లేనివాడెలా అవుతాడు? విండ్సర్, బకింగ్‌హామ్, శాండ్రింగ్‌హామ్, బాల్మొరల్... ఆయనకు ఉన్నన్ని ఇళ్లు ఇంకెవరికున్నాయి! పైగా రెండో పాదంలోనే కోట చూపించి, నాలుగో పాదంలో ఇల్లు లేదంటే మీ పద్యం మీకే అడ్డు తగిలింది.

నిర్వాహకుడు:
కుర్రాడితో ఏకీభవిస్తున్నాను. ఛందస్సులో వేలు పెట్టే చోటు లేదు గానీ, పూరణకు అసలు పని విరోధాన్ని పోగొట్టడం. పేరు మార్చడానికి కారణం యుద్ధకాలపు జర్మన్ ద్వేషం. ఆ ఏడాది లండన్ మీద బాంబులు వేసిన జర్మన్ విమానాలనూ గోథాలనే పిలిచేవారు! రాజుగారి వంశం పేరే జనం నెత్తిన పడుతుంటే ఏం చేస్తాడు? ఆ ముచ్చట మీద పద్యం రాయండి పంతులుగారూ, దీనికంటే బాగా వస్తుంది.

కడప కుర్రాడు:
ఇక నాది. నెపోలియన్. కార్సికా దీవిలో అజాక్సియో ఊళ్లో వాళ్ల ఇంటిని 1793లో ఆ దీవి నాయకుడు పావోలీ మనుషులు కొల్లగొట్టారు. కుటుంబమంతా ఫ్రాన్సుకు ఓడెక్కింది. 1804లో చక్రవర్తి.

ఊరివారె కినిసి యుప్పెనై దోచినఁ
దల్లితోడ నోడఁ దరలిపోయి
పదునొకండు నేండ్లఁ బట్టాభిషిక్తుఁడై
ఇల్లు లేనివాఁడె యేలె నిలను.

వరంగల్ పంతులుగారు:
ఇప్పుడు నా వంతు నాయనా! “పదునొకండు నేండ్ల” సాధువు కాదు. ఉకారసంధి నిత్యం, “పదునొకండేండ్ల” అయి తీరుతుంది, గణం కూలుతుంది. “పదియునొక్క యేండ్లఁ బట్టాభిషిక్తుఁడై” అను, గణాలు నిలబడతాయి. భావానికి మాత్రం వంక లేదు. “తల్లితోడ నోడ” దగ్గర నాకు గొంతు పట్టేసింది. నీ వయసుకి అది బాగా రాయడమే.

నిర్వాహకుడు:
సవరణ ఖాయం. ఇందులో ఇల్లు నిజంగా పోయింది, రాజ్యం నిజంగా వచ్చింది, మధ్యలో సమాస గారడీ లేదు. అందుకే సూటిగా తగిలింది.

సిడ్నీ వదిన:
మీరంతా పెద్ద పెద్ద చక్రవర్తుల వెంట పడ్డారు. నాకు మొనాకో చాలు.

జెనొవ తఱిమివేయఁ జెట్లు పుట్టలు పట్టి
కత్తి బొంతలోనఁ గప్పి తెచ్చి
జోగి వేసమూని చొచ్చె మొనాకోను;
ఇల్లు లేనివాఁడె యేలె నిలను.

కథ తెలియనివారికి: మొనాకోను ఏలే గ్రిమాల్దీలు ఇటలీలోని జెనోవా నగరం వాళ్లు. అక్కడి ముఠా తగాదాల్లో ఓడి ఊరు విడిచారు. 1297 జనవరి 8 రాత్రి ఫ్రాన్చెస్కో గ్రిమాల్దీ సన్యాసి వేషంలో మొనాకో కోట తలుపు తట్టాడని, తీశాక కత్తి దూశాడని చెబుతారు. ఆయనకు “మలీజియా”, అంటే మాయావి, అని బిరుదు. ఇప్పటికీ మొనాకో రాజచిహ్నంలో డాలుకు అటొకరు ఇటొకరు కత్తెత్తిన సన్యాసులు నిలబడి ఉంటారు.

నెల్లూరు మాస్టారు:
అమ్మా, చప్పట్లు! సుభద్ర కోసం అర్జునుడు, సీత కోసం రావణుడు వేసిన వేషమే. ఒక్క సందేహం. మొనాకో అంతా కలిపి రెండు చదరపు కిలోమీటర్లు. దానికి “ఇలను ఏలె” అనొచ్చా?

సిడ్నీ వదిన:
మీ చార్లెస్ కింద ఉన్నదంతా 1918కల్లా పోయింది మాస్టారూ. మా రెండు కిలోమీటర్లు గ్రిమాల్దీల చేతిలో ఇంకా ఉన్నాయి!

నిర్వాహకుడు:
వదినగారి జవాబు పద్యంతో సమానంగా ఉంది. నిజానికి ఆ మాయావి చేతిలో కోట నిలిచింది 1301 వరకే. పోయి, వచ్చి, మళ్లీ పోయి, 1419 నుంచి వంశానికి గట్టిగా దక్కింది. నాకు నచ్చింది వేరే. ఆ వేషం ఫ్రాన్సిస్కన్ సన్యాసిది. సొంత ఆస్తి, సొంత ఇల్లు ఉండకూడదన్నది వాళ్ల నియమం. ఊరు పోగొట్టుకున్నవాడు, ఇల్లే వద్దన్నవాడి బట్టలు తొడుక్కుని ఇల్లు సంపాదించాడు. సమస్యలో ఉన్న విరోధం కథలోనే ఉంది, కవి కల్పించనక్కర్లేకపోయింది. ఈ వారం నా ఓటు దీనికే. మాస్టారి రెండో పద్యం వెంట్రుకవాసిలో వెనకబడింది.

వచ్చే వారానికి: “ఇల్లు గలిగియుండి యేలఁడయ్యె”. ఇదీ ఆటవెలది నాలుగో పాదమే, షరతు కూడా అదే.

కడప కుర్రాడు:
జర్మనీ చక్రవర్తి రెండో విల్హెల్మ్ కైజరు నావాడు, ఎవరూ ముట్టుకోవద్దు! హోహెన్‌ట్సోలెర్న్ గుట్ట మీద ఆయన పూర్వీకుల కోటను 1867కల్లా కొత్తగా కట్టి పెట్టారు. ఈయనేమో 1918లో సింహాసనం వదిలి, హాలండులో డోర్న్ ఊళ్లో బంగళా కొనుక్కుని, చచ్చిపోయేదాకా కట్టెలు కొట్టుకుంటూ గడిపాడు. పంతులుగారూ, “కైజరు” సూర్యగణంలో ఎక్కడైనా పడుతుందా?

వరంగల్ పంతులుగారు:
కై-జ-రు, గురువు, రెండు లఘువులు. సూర్యగణం కాదు, భగణం, అంటే ఇంద్రగణాల్లో ఒకటి. ఒకటో పాదంలోనో మూడో పాదంలోనో నాలుగో గణంగా కూర్చోబెట్టు. యతి చూసుకో.