నాటకాలు వేసేవాళ్లకు కుదిరే పగటి ఉద్యోగాలు చెప్తారా?

హైదరాబాద్‌లో ఉంటాను. నాటక పరిషత్తులు పెట్టే పోటీల్లో నాటికలు ఆడే ఒక సమాజంలో నటుణ్ణి. రిహార్సల్స్ సాయంత్రాలు, పోటీలు ఎక్కువగా కోస్తా ఊళ్లలో. మా వంతు ఏ రాత్రి పదకొండుకో వస్తుంది. కొబ్బరినూనెతో మేకప్ తుడుచుకుని, సెట్టు సామాను వ్యానుకెక్కించేసరికి తెల్లవారుజాము. ఆ మర్నాడు తొమ్మిదింటికి ఆఫీసులో ఉండమంటే ఎలా? పారితోషికం సంగతి మీకు తెలిసిందే, దారిఖర్చులు గిట్టితే గొప్ప.

కొన్నాళ్లు కాల్ సెంటర్‌లో చేశాను. జీతం వేళకు వచ్చేది గానీ, రోజంతా మాట్లాడాక రిహార్సల్‌కు గొంతు మిగిలేది కాదు. ఇప్పుడు బైకు మీద భోజనాలు డెలివరీ చేస్తున్నాను. మనకు వీలైనప్పుడు చేసుకోవచ్చన్న మాట నిజమే, కానీ ఆర్డర్లు ముమ్మరంగా ఉండేది సరిగ్గా రిహార్సల్ వేళలోనే!

బీకామ్ చదివాను, ట్యాలీ వచ్చు. చిన్న దుకాణాలకు లెక్కలు రాసిపెడదామా అనుకుంటున్నాను. నెలవారీ జీఎస్టీ రిటర్నులకు 11, 20 తేదీలు గడువులు కాబట్టి, ఆ ముందు రోజులు తప్పిస్తే నెలంతా నా చేతిలోనే ఉంటుందని ఆశ. ఈ పని చేస్తున్నవారు ఉంటే, మొదటి ఖాతాదారు ఎలా దొరికారో, నెలకు ఎంత అడగవచ్చో చెప్పండి. బడుల్లో వారానికి రెండు రోజులు నాటకం నేర్పే పనికి ఎవరిని కలవాలి? డబ్బింగ్‌లోకి యూనియన్ కార్డు లేకుండా వెళ్లవచ్చా?

సినిమాల్లో ప్రయత్నించమనే సలహా మాత్రం వద్దండీ. అది ఇంట్లో రోజూ వింటున్నాను.