పెంచుకునే కుక్కకు, పిల్లికి ఆపరేషన్ తప్పనిసరి చేయాలా?

వడ్డేపల్లి నివాసి:

మొన్న ఆదివారం పొద్దున ఆరున్నరకు హన్మకొండలోని వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడుస్తుంటే ఒక సిమెంట్ బస్తా కదులుతూ కనిపించింది. మూతిని ప్లాస్టిక్ తాడుతో బిగించి కట్టారు. విప్పితే లోపల ఐదు కుక్కపిల్లలు. రెండు అప్పటికే చనిపోయాయి. మిగిలిన మూడింటికి ఇంకా కళ్ళు తెరుచుకోలేదు, అంటే పుట్టి రెండు వారాలు కూడా కాలేదు. అన్నీ ఆడవే. ఒకదాని మెడకు ఎర్ర దారం ఉంది. ఏ ఇంట్లోనో చిన్నపిల్లలు ముచ్చటపడి కట్టి ఉంటారు. గల్లీ కుక్క ఈనిన పిల్లకు ఎవరూ దారం కట్టరు కదా.

ఇంటికి తెచ్చి రెండు గంటలకోసారి సిరంజితో పాలు పట్టాను. ఒకటి రాత్రికే పోయింది. రెండు బతికాయి, ఇప్పుడు నా పక్కనే అట్టపెట్టెలో పడుకున్నాయి.

అందుకే అడుగుతున్నాను. కుక్కనో పిల్లినో పెంచుకునే ప్రతివాళ్ళూ దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాల్సిందే అని చట్టం ఎందుకు ఉండకూడదు? కార్పొరేషన్ వాళ్ళు గల్లీ కుక్కలను పట్టుకెళ్ళి, ఆపరేషన్ చేసి, టీకా వేసి, చెవికి గాటు పెట్టి మళ్ళీ అదే గల్లీలో వదులుతారు. ఆ ఖర్చు మన పన్నుల నుంచే పోతుంది. ఇంకోపక్క మన ఇళ్ళల్లోంచే కొత్త పిల్లలు రోడ్డు మీదికి వస్తుంటే ఆ పని ఎప్పటికి తెములుతుంది? కుక్కకు ఏడాదికి దాదాపు రెండు ఈతలు కావచ్చు. చూలు మోసేది 63 రోజులే. 2023లో కేంద్రం తెచ్చిన జంతు సంతాన నియంత్రణ నిబంధనల్లో పెంపుడు జంతువుకు టీకాలు, నులిపురుగుల మందు, స్టెరిలైజేషన్ (అంటే ఈ ఆపరేషనే) అన్నీ యజమాని బాధ్యతే అని ఉంది. బాధ్యత అని రాశాక చేయించాలని అడగడం తప్పెలా అవుతుంది?

కాజీపేట అమ్మ:

నేను మీ పక్షమే అక్కా. 2023 మేలో ఇక్కడ రైల్వే క్వార్టర్స్ దగ్గర బతుకుదెరువుకు ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన వాళ్ళ బాబును కుక్కలు కరిచి చంపాయి. మా బాబుదీ అదే వయసు. ఆ తర్వాత చాలా రోజులు వాణ్ని కిరాణా కొట్టుకు కూడా ఒంటరిగా పంపలేదు. ఆ కుక్కలు ఎవరి ఇంటి నుంచి వచ్చాయో నాకు తెలియదు. మా గల్లీ సంగతి మాత్రం తెలుసు. పగలంతా గొలుసుతో కట్టేసి, రాత్రి పదింటికి గేటు తీసి వదిలే ఇళ్ళు నాలుగున్నాయి. అవి పెంపుడు కుక్కలా, వీధి కుక్కలా?

సుబేదారి, లాబ్రడార్ యజమాని:

కోపం తెప్పించే విషయమే, కాదనను. కానీ ఆ బస్తా కట్టినవాడి తప్పుకు నా కుక్కను ఎందుకు కోయించాలి? మా వాడికి తొమ్మిదేళ్ళు. గొలుసు లేకుండా ఒక్కనాడు గేటు దాటలేదు. మత్తు ఇవ్వాలి, కత్తి పెట్టాలి, వాడి ఒంట్లో ఒక భాగం తీసేయాలి, అదీ వాడి మేలు కోసం కాకుండా ఎక్కడో జరగబోయేదాన్ని ఆపడానికి! నార్వేలో తగిన కారణం లేకుండా జంతువు శరీరంలో భాగాలు తీసేయడాన్నే చట్టం ఒప్పుకోదు. అయినా అక్కడి వీధుల్లో కుక్కల గుంపులు లేవు, ఎందుకంటే కుక్కను ఎవరూ ఊరి మీద వదలరు.

ఇంకో మాట. 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల కుక్కల అమ్మకం, పెంపకం ఆపాలని, ఇప్పటికే ఇళ్ళల్లో ఉన్నవాటికి స్టెరిలైజేషన్ చేయించాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. సంబంధం ఉన్నవాళ్ళతో మాట్లాడకుండా తెచ్చారని కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లోనే దాన్ని కొట్టేసింది. పైనుంచి హుకుం జారీ చేస్తే ఇలాగే అవుతుంది.

మామునూరులో పశువైద్యం చదువుతున్న విద్యార్థిని:

సార్, "వాడి మేలు కోసం కాదు" అన్నారు. మగవాటి విషయంలో ఆ మాట మీద వాదించుకోవచ్చు. ఆడవాటి విషయంలో మాత్రం కాదు. పోయిన నెల ఒక ఏడేళ్ళ పొమరేనియన్‌ను తెచ్చారు. నాలుగు రోజులుగా తిండి మానేసి బిందెలు బిందెలు నీళ్ళు తాగుతోంది, పొట్ట ఉబ్బింది. వయసు అయిపోయిందేమో అనుకున్నారట. అది గర్భసంచిలో చీము. మేము పయోమెట్రా అంటాం. తీసిన గర్భసంచి రెండు లావుపాటి గొట్టాల్లా ఉబ్బి ట్రేలోంచి బయటికి జారింది. ఆ కుక్క బతికింది, కానీ ఇంకొక్క రోజు ఆగి ఉంటే చెప్పలేం. చిన్న వయసులో ఆపరేషన్ అయిన కుక్కకు ఈ బాధ దాదాపు ఉండదు. రెండోసారి ఎదకు రాకముందే చేయిస్తే రొమ్ము గడ్డలూ బాగా తగ్గుతాయి.

అయినా అందరికీ ఒకే రూలు పెట్టడానికి నేను ఒప్పుకోను. లాస్ ఏంజిలెస్‌లో 2008లో తెచ్చిన నియమం, కొన్ని మినహాయింపులతో, నాలుగు నెలలు దాటిన కుక్కకూ పిల్లికీ వర్తిస్తుంది. మనమూ అలా నెలల లెక్కతో గడువు పెడితే పెద్ద జాతులకు నష్టం. గోల్డెన్ రిట్రీవర్ లాంటివాటికి ఎదుగుదల పూర్తికాక ముందే చేస్తే కీళ్ళ సమస్యలు పెరుగుతున్నాయని పరిశోధనల్లో తేలింది. కొన్ని ఆడకుక్కలకు తర్వాత మూత్రం ఆగకపోవచ్చు. చాలావాటికి ఒళ్ళు వస్తుంది, తిండి తగ్గించాలి. వయసు ఎంత, గుండె ఎలా ఉంది, మత్తు తట్టుకుంటుందా అన్నది డాక్టర్ చూసి తేల్చాలి.

పిల్లుల గురించి ఎవరూ మాట్లాడటం లేదు. ఆడపిల్లి నాలుగైదు నెలలకే ఎదకు రావచ్చు, రెండు నెలల్లో ఈనుతుంది. పిల్లిని గొలుసు కట్టి ఆపలేరు. తప్పనిసరి అనేది ఎక్కడైనా నప్పుతుందంటే అది ముందు పిల్లులకే. బెల్జియంలో ఆ పనే చేశారు.

పరకాల దిక్కు రైతు:

అందరూ పట్నం ముచ్చటే చెప్తున్నారు. మా చేను కాడ ఒక ఆడకుక్క ఉంది. మక్క వేసినప్పుడు కోతులను, అడవిపందులను అదే కొడుతుంది. అన్నం మేం పెడతాం, పక్క చేనోళ్ళూ పెడతారు. రాత్రి ఎక్కడ పంటదో దానిష్టం. మీ చట్టం లెక్కన యజమాని ఎవరు?

నాకు ఆపరేషన్ అంటే భయమేం లేదు. మా తాత కాలం నుంచి కోడెలకు విత్తులు కొట్టిస్తూనే ఉన్నాం. కానీ మా దగ్గరి పశువుల దవాఖానలో బర్లకు, మేకలకు చూస్తరు. కుక్క ఆపరేషన్ అంటే హన్మకొండ పొమ్మన్నరు. ఆటో కిరాయి, ఒక దినం పని, మందులు, ఆపరేషన్ పైసలు, అన్నీ కలిపితే పత్తి ఏరే రోజుల్లో నా తోటి కాదు. మీరు జరిమానా పెడితే ఊర్లో ఏమైతదో చెప్పనా? అడగొచ్చిన సారుకు అందరం ఒకటే చెప్తం, ఈ కుక్క మాది కాదు అని. ఇయ్యాల నా కుక్క, రేపటికి వీధి కుక్క. టీకా వేయించేటోడు కూడా ఉండడు.

వడ్డేపల్లి నివాసి:

అన్నా, మీరు చెప్పింది చదివి చాలాసేపు ఆలోచించాను. ఆ బస్తా కట్టినవాళ్ళు కూడా బహుశా ఎక్కడికి తీసుకెళ్ళాలో తెలియనివాళ్ళేమో. బస్తా కట్టిన తప్పు తప్పే, దాన్ని క్షమించలేను. కానీ దవాఖానలో ఆపరేషన్ చేసే వీలు లేకుండా ఇళ్ళవాళ్ళకు జరిమానా పెడితే ఇలాంటి బస్తాలే ఎక్కువవుతాయని మీరన్నాక అర్థమైంది.

మాట మార్చుకుంటున్నాను. ముందు ప్రతి మండల పశువుల దవాఖానలో నెలకు ఒక రోజైనా కుక్కలకు, పిల్లులకు ఉచితంగా ఆపరేషన్ చేయాలి. మామునూరులో, కోరుట్లలో పశువైద్య కళాశాలలు ఉన్నాయి. అక్కడి విద్యార్థులకు చేతికి పని వస్తుంది, ఊళ్ళకు సాయం అందుతుంది. గల్లీలో తిరగనిచ్చే కుక్కకు తప్పనిసరి అన్నది ఆ తర్వాతే. ఇంట్లోనే ఉండే కుక్క యజమాని ఆపరేషన్ అయినా చేయించాలి, లేదంటే పుట్టే ప్రతి పిల్లకూ తనదే పూచీ అని రాసిచ్చి రిజిస్టర్ చేయించాలి.

ఆగకుండా ఇవాళే పట్టుకోవాల్సింది అమ్మేవాళ్ళను. 2017 నిబంధనల ప్రకారం కుక్కలను ఈనించి అమ్మేవాళ్ళకు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, పద్దెనిమిది నెలలు నిండని ఆడకుక్కను ఈనించకూడదు. ఫోన్ గ్రూపుల్లో "ప్యూర్ బ్రీడ్" అని రోజూ ఫొటోలు పెట్టేవాళ్ళను చూస్తున్నాను, రిజిస్ట్రేషన్ నంబర్ పెట్టినవాళ్ళు ఒక్కరూ కనబడలేదు. వాళ్ళ దగ్గర ఆరేడు సార్లు ఈని, రొమ్ములు సాగిపోయి, ఇక పనికిరాదని రోడ్డు మీద వదిలేసిన లాబ్రడార్‌లను నేనే రెండింటిని చూశాను.

సుబేదారి, లాబ్రడార్ యజమాని:

పూచీ రాసివ్వడానికి నేను సిద్ధం. మీ చివరి మాట చదివాక ఒకటి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మా వాణ్ని రెండుసార్లు క్రాసింగ్‌కు ఇచ్చాను. తెలిసినవాళ్ళే కదా అని ఇచ్చాను. మొదటిసారి ఏడు పిల్లలు, రెండోసారి ఎన్నో కూడా అడగలేదు. అవి ఇప్పుడు ఎక్కడున్నాయో నాకు తెలియదు. మా వాడు గేటు దాటలేదని గొప్పగా రాశాను గానీ వాడి పిల్లలు ఎన్ని గేట్ల బయట ఉన్నాయో.

డాక్టరమ్మా, తొమ్మిదేళ్ళ కుక్కకు ఇప్పుడు చేయించవచ్చా?

మామునూరులో పశువైద్యం చదువుతున్న విద్యార్థిని:

రక్త పరీక్ష, గుండె పరీక్ష చేసి డాక్టర్ సరే అంటే చేయించవచ్చు సార్. చేయించాక కూడా కొన్ని వారాలు ఆడకుక్కలకు దూరంగా ఉంచండి, లోపల మిగిలిన వీర్యంతో చూలు నిలవవచ్చు. వద్దనుకుంటే క్రాసింగ్‌కు ఇవ్వకండి, అది చాలు.

పరకాల దిక్కు రైతు:

అమ్మా, నాకొక మాట చెప్పు. మా దానికి చేయిస్తే ఎన్ని దినాలు కట్టేసి ఉంచాలె? మక్క కంకి పట్టింది, కోతులు వస్తున్నయ్.

మామునూరులో పశువైద్యం చదువుతున్న విద్యార్థిని:

కుట్లు మానడానికి పది రోజులు పడుతుందన్నా. అన్ని రోజులూ పొడి చోట కట్టేయాలి, కుట్లు నాకనివ్వకూడదు, పరుగు వద్దు. మక్క ఇంటికి వచ్చాకే తీసుకురండి. ఈలోపు అది ఎదకు వస్తే మాత్రం ఆ మూడు వారాలు కట్టేయండి, కోతుల కాడికి మీరే వెళ్ళండి.