సమస్యాపూరణం: "ఇంటి తలుపు కాలికంటి యుండు"

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం. ఇంటి–కంటి ప్రాసయతి (యతి అక్షరాలకు బదులు వాటి తర్వాతి అక్షరాలు కలవడం), గమనించండి. "కాలికంటి" అంటే కాలికి అంటి. తలుపు గడపకు ఉండాలి గానీ కాలికేమిటి? సముద్రపు నత్త మీద, పిల్లలకు అర్థమయ్యే మాటల్లో పూరించండి. ఒక సూచన: భీమిలి రాళ్ళ మీద బఠాణీ గింజంత నత్తలుంటాయి. ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుంటే చటుక్కున లోపలికి ముడుచుకుంటుంది, గుల్ల నోటికి గోరులాంటి పల్చటి మూత పడుతుంది. ఆ మూత దాని పాదం వెనక భాగానికి అతుక్కుని ఉంటుంది. నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు ఒంట్లో తడి ఆరిపోకుండా కాచేదీ అదే.

తీరవాసి:
పీత వచ్చినంత బిరబిర లోనికి
నత్త దూరిపోవు నక్కి నక్కి;
తాళమేల వెదక? దారి మూయగ చాలు!
ఇంటి తలుపు కాలికంటి యుండు.

నిర్వాహకుడు:
"నక్కి నక్కి" చాలా బాగుంది, నత్త కళ్ళకు కట్టింది. పీ–బి యతి సరిపోయింది. మూడో పాదం చివర ఆగుతాం కాబట్టి తర్వాతి పాదం మొదటి అచ్చుతో సంధి చేయకపోయినా ఇబ్బంది లేదు.

పలక_బలపం:
చిన్న గుల్ల వీడి చేరు పెద్దదియైన
గుల్లలోకి నత్త కులుకుతోడ;
ఎచటి కేగనేమి? యింటికి లోటేది?
ఇంటి తలుపు కాలికంటి యుండు.

తీరవాసి:
నడక హాయిగా ఉందండీ. కానీ గుల్లలు మార్చేది నత్త కాదు, ఖాళీ గుల్లలో కాపురం పెట్టే పీత. నత్త ఒళ్ళు గుల్ల లోపలి స్తంభానికి కండరంతో పట్టుకుని ఉంటుంది, బతికుండగా విడిచి వెళ్ళలేదు. తాను పెరిగేకొద్దీ గుల్ల నోటి అంచున సున్నపు పదార్థం చేరుస్తూ ఇల్లు పెద్దది చేసుకుంటుంది. గుల్ల కొసన ఉన్న బుల్లి చుట్టు దాని పసితనం నాటిది! పిల్లలకు ఇదే చెప్పాలి, వాళ్ళు నమ్మేస్తారు కాబట్టి తప్పు చెప్పకూడదు.

పలక_బలపం:
నిజమే, పొరబడ్డాను. మొదటి రెండు పాదాలు మారుస్తున్నాను:
అంచు వెంట సున్నమద్దుచు పెంచును
మెలిక మెలికగాను మేడ నత్త;

నిర్వాహకుడు:
ఇప్పుడు విషయం, పద్యం రెండూ కుదిరాయి. "గాను" ఒక్కటే గణం కోసం అతికించినట్టుంది. "మెలిక మెలిక చుట్టి మేడ నత్త" అంటే?

పలక_బలపం:
అలాగే ఉంచుతాను. రేపు మా పిల్లల చేతికి ఒక ఖాళీ గుల్ల ఇచ్చి, కొస నుంచి నోటి దాకా వేలితో చుట్లు లెక్కపెట్టిస్తూ పద్యం చెప్పిస్తాను.