స్కూబా డైవింగ్‌కు అండమానా, మాల్దీవులా? ఆయనకు ఈత వచ్చు, నాకు రాదు

నక్కలగుట్ట_వాసి:

అందరికీ నమస్తే. సంక్రాంతి సెలవుల్లో మేమిద్దరం ఏదైనా దీవికి వెళ్దామనుకుంటున్నాం. పిల్లలు పరకాలలో మా అమ్మ దగ్గర ఉంటారు, ఆ ఏర్పాటు అయిపోయింది. మా అత్తమ్మ మాత్రం "ఇనవోలు జాతర ఇడిచిపెట్టి ఉప్పు నీళ్లల్ల మునుగుడేంది" అని ఇంకా గునుస్తూనే ఉంది, అది వేరే కథ.

గొడవంతా ఎక్కడికి అన్న దగ్గరే వస్తోంది. మా ఆయనకు మాల్దీవుల పిచ్చి పట్టింది. నీళ్ల మీద కట్టిన కాటేజీ, మెట్లు దిగితే సముద్రం, స్కూబా (గాలి సిలిండర్ వీపున కట్టుకుని నీళ్ల అడుగుకు పోవడం), ఫోన్ తెరిస్తే అవే వీడియోలు. నేను బ్యాంకులో చేస్తాను, ఎల్టీసీ (సెలవు ప్రయాణానికి బ్యాంకు ఇచ్చే ఖర్చు) ఉంది, అది అండమాన్‌కు పనికొస్తుంది, మాల్దీవులకు రాదు. నా లెక్క నాది.

అసలు అడగాల్సింది ఇంకోటి. ఆయన చిన్నప్పటి నుంచి ఊళ్లో వ్యవసాయ బావిలో దూకి ఈతలు కొట్టిన మనిషి, అడుగుకు పోయి మన్ను తీసుకొచ్చేవాడినని ఇప్పటికీ చెప్పుకుంటాడు. నాకేమో ఈత అస్సలు రాదు, లక్నవరంలో బోటెక్కినా లైఫ్ జాకెట్ పట్టీ సరిగా బిగిసిందో లేదో తడుముకుంటూ కూర్చునే రకం. అందుకని "నువ్వు పైన బోట్లో కూర్చుని ఫొటోలు తియ్యి, నేను లోపలికి పోయొస్తా" అంటున్నాడు. అంత దూరం పోయి నేను చెప్పుల కాపలా కాయాలా? ఈత రానివాళ్లు కూడా స్కూబా చేయొచ్చని ఏజెంట్లు అంటున్నారు, అది నిజమేనా లేక డబ్బుల కోసం చెప్పే మాటా? చివరి రోజు పొద్దున డైవింగ్ చేసి సాయంత్రం ఫ్లైట్ ఎక్కేద్దామని ప్లాన్, ముందే చేస్తే అలసిపోయి మిగతా ట్రిప్పంతా పడుకుంటామేమో అని. నాకు కళ్లద్దాలున్నాయి, ఆయన బీపీ గోళీ వేసుకుంటాడు కానీ కంట్రోల్‌లోనే ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కాజీపేట_ప్యాసింజర్:

అక్కా, మాల్దీవులకే వెళ్లండి, బావ మాట ఒక్కసారి వినండి. మనకు ముందుగా వీసా అక్కర్లేదు, దిగాక 30 రోజులకు ఉచితంగా ఇస్తారు, ప్రయాణానికి ముందు ఆన్‌లైన్‌లో ఒక డిక్లరేషన్ నింపితే చాలు. జనవరి అంటే అక్కడ వానలు తగ్గే కాలం, సముద్రం బాగుంటుంది.

కాకపోతే రిసార్ట్ రేటు చూసి అదే మొత్తం అనుకోకండి. రేటు పక్కన చిన్నగా రెండు ప్లస్ గుర్తులుంటే వాటి మీద 10 శాతం సర్వీస్ ఛార్జీ, టూరిజం జీఎస్టీ పడతాయి, ఆ జీఎస్టీ 2025 జూలై నుంచి 17 శాతం అయింది. అది కాక గ్రీన్ ట్యాక్స్ అని రిసార్టుల్లో మనిషికి రాత్రికి 12 డాలర్లు. రాజధాని మాలే నుంచి రిసార్ట్‌కు సీప్లేన్ (నీళ్ల మీద దిగే చిన్న విమానం) అయితే దాని టికెట్ వేరే, పైగా అది వెలుతురులోనే ఎగురుతుంది. మీ ఫ్లైట్ సాయంత్రం దిగిందంటే ఆ రాత్రి మాలేలోనో పక్క దీవి హుల్హుమాలేలోనో గది తీసుకోవాల్సిందే, రిసార్ట్‌కు కట్టిన ఒక రాత్రి డబ్బులు నీళ్లలో పోసినట్టే. స్పీడ్ బోట్ దూరంలో ఉన్న రిసార్ట్ చూసుకోండి. బడ్జెట్ తక్కువైతే మాఫుషీ లాంటి ఊరి దీవుల్లో గెస్ట్ హౌస్‌లున్నాయి, డైవింగ్ కూడా రిసార్ట్ కంటే చవక, కానీ అక్కడ మందు దొరకదు, బీచ్‌లో బట్టల విషయంలోనూ పద్ధతులుంటాయి. బావకు ఈ సంగతి ముందే చెప్పి తీసుకెళ్లండి.

ఓరుగల్లు_నీటిచేప:

ప్యాసింజర్ తమ్ముడు డబ్బుల సంగతి బాగా చెప్పాడు, మిగతాది నేను చెప్తాను. మాది శివనగర్, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం, సెలవు దొరికితే డైవింగే.

మొదట చివరి రోజు ప్లాన్ తీసేయండి మేడం. డైవ్ చేసిన రోజు ఫ్లైట్ ఎక్కకూడదు. నీళ్ల అడుగున ఒత్తిడి ఎక్కువ కాబట్టి మనం పీల్చే గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది, పైకొచ్చాక అది మెల్లగా బయటికి పోవాలి. అది పోకముందే విమానం ఎక్కితే క్యాబిన్‌లో ఒత్తిడి తక్కువ, లోపల మిగిలిన నైట్రోజన్ బుడగలు కట్టి కీళ్ల నొప్పుల నుంచి నరాల సమస్యల దాకా తేవచ్చు. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటి కంటే ఎక్కువ చేస్తే 18 గంటలు ఆగాలంటారు, చాలా డైవ్ షాపులు 24 గంటలే చెప్తాయి. సీప్లేన్ కూడా విమానమే, దానికీ ఇదే రూల్. కాబట్టి వెళ్లిన మర్నాడే డైవ్ పెట్టుకోండి. అలసట గురించి భయం వద్దు, మహా అయితే మధ్యాహ్నం తిని పడుకుంటారు.

ఇక ఈత సంగతి. ఏజెంట్ చెప్పింది ఈ ఒక్క విషయంలో నిజం. మొదటిసారి చేసేవాళ్లకు 'డిస్కవర్ స్కూబా' అని ఉంటుంది, ఈత రానక్కర్లేదు, 12 మీటర్లకు మించి తీసుకెళ్లరు. ఇన్‌స్ట్రక్టర్ మీ వెనకే ఉండి సిలిండర్ పట్టుకుని నడిపిస్తాడు, మీరు చేయాల్సింది నోటితో నిదానంగా గాలి పీల్చి వదలడం, చెవులు సర్దుకోవడం. సర్టిఫికెట్ కోర్సు 'ఓపెన్ వాటర్' అయితే మాత్రం కథ వేరు, దానికి ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, 10 నిమిషాలు ఏ ఆసరా లేకుండా తేలాలి, మూడు నాలుగు రోజులు పడుతుంది. అది మీ ఇద్దరికీ ఇప్పుడు వద్దు. ఆయన కోర్సులో ఉంటే మీరు రూములో టీవీ చూడాలి, ఇక జంటగా పోయినట్టేముంది?

నిజానికి ఈ జంటలో నాకు టెన్షన్ పెట్టేది మీరు కాదు, ఆయన. తప్పుగా అనుకోవద్దు. బావుల్లో మునిగి అలవాటైన వాళ్లకు ఊపిరి బిగబట్టడం ఒంట్లో ఇంకిపోయి ఉంటుంది, నీళ్లు ముఖానికి తగలగానే ఛాతీ ఆగిపోతుంది. స్కూబాలో మొట్టమొదటి నియమమే ఊపిరి ఆపకూడదని. ఎందుకంటే 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి రెండింతలు. అక్కడ ఊపిరితిత్తుల నిండా పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెండింతలు పెరుగుతుంది. నోరు మూసుకుని పైకి లేస్తే ఆ గాలికి పోవడానికి దారి ఉండదు, ఊపిరితిత్తి చిట్లే ప్రమాదం ఉంది. బావిలో ఈ బాధ లేదు, పైన పీల్చిన గాలితోనే దిగుతాడు కాబట్టి అది లోపల కుంచించుకుని పైకొచ్చాక మళ్లీ మామూలైపోతుంది. ఈ తేడా ఆయనకు కూర్చోబెట్టి చెప్పండి. పైగా ఈతగాళ్లు కింద కూడా చేతులు ఆడిస్తూ ముందుకు పోదామని చూస్తారు, గాలి తొందరగా ఖర్చవుతుంది, ఇసుక లేపి పక్కవాళ్లకు ఏమీ కనబడకుండా చేస్తారు. ఏమీ తెలియని వాళ్లు చెప్పింది చెప్పినట్టు చేస్తారు, వాళ్లతోనే సుఖం.

ఇంకోటి, చేతి సైగలు. మనకు బాగుందంటే బొటనవేలు పైకెత్తడం అలవాటు. నీళ్లలో దానర్థం 'పైకి పోదాం' అని. ఆయన చేపను చూసి సంబరంతో బొటనవేలు లేపాడనుకోండి, ఇన్‌స్ట్రక్టర్ ఏదో ఇబ్బంది అనుకుని బోటు దగ్గరికి తేల్చేస్తాడు, అయిపోయింది డైవ్. బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. మీసం గుబురుగా ఉంటుందా? ఉంటే మాస్క్ అంచు సరిగా ఆనక ముక్కులోకి నీళ్లు కారుతుంటాయి. ముక్కు కింద సన్నగా గీత లాగా గీసేస్తే చాలు, మొత్తం తీయక్కర్లేదు (ఒప్పుకుంటాడో లేదో మీకే తెలియాలి).

దీవి విషయంలో నా ఓటు అండమాన్‌కే, అదీ అక్కడి హావ్‌లాక్ దీవికి. 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు, అందరూ ఇంకా హావ్‌లాక్ అనే అంటారు. నీళ్లలో మీకు నచ్చుతుందో లేదో తెలియకముందే అన్ని డాలర్లు పోయడం నాకైతే నచ్చదు. నచ్చితే వచ్చే ఏడు మాల్దీవులు ఎక్కడికీ పోవు.

చెవి_ముక్కు_గొంతు:

కరీంనగర్‌లో ప్రాక్టీస్ నాది. పైన రాసినవన్నీ సరైనవే, వైద్యం వైపు నుంచి కొంచెం కలుపుతాను.

డైవ్‌కు ముందు ఒక ఆరోగ్య ఫారం ఇస్తారు. మనవాళ్లు చదవకుండా అన్నింటికీ 'లేదు' అని టిక్కు పెట్టేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. బీపీ మందులు వాడుతున్నారా అని అందులో అడుగుతారు, మీ వారు 'అవును' అనే రాయాలి. అప్పుడు డాక్టర్ సంతకం లేనిదే మంచి షాపు ఎవరూ దింపరు, ఆ సంతకం కోసం దీవిలో పరుగెత్తే బదులు ఫారం ముందే డౌన్‌లోడ్ చేసుకుని హన్మకొండలోనే మీ ఫిజీషియన్‌కు చూపించండి. బీపీ కంట్రోల్‌లో ఉంటే చాలామందికి అనుమతి వస్తుంది, కానీ అది మీ డాక్టర్ పరీక్ష చేసి చెప్పాల్సిన మాట, నేను ఇక్కడ కూర్చుని చెప్పేది కాదు. ఉబ్బసం, ఫిట్స్, గుండె జబ్బు, చెవి పరదాకు రంధ్రం, చెవి ఆపరేషన్, వీటిలో ఏది ఉన్నా ముందు డాక్టర్‌ను కలవాలి. గర్భం ఉంటే, ఉందేమో అన్న అనుమానం ఉన్నా, డైవింగ్ వద్దు. నెలసరి అడ్డేమీ కాదు, నన్ను చాలామంది అడగలేక అడుగుతారు కాబట్టి రాస్తున్నాను.

చెవుల గురించి. నీళ్లలో మొదటి కొన్ని మీటర్లలోనే చెవి మీద ఒత్తిడి బాగా తెలుస్తుంది. ముక్కు రెండు వేళ్లతో మూసి, నోరు మూసి, మెల్లగా ముక్కులోకి ఊదితే చెవిలో టప్‌మని తెరుచుకుంటుంది. నొప్పి వచ్చాక కాదు, రాకముందే, దిగుతూ ప్రతి మీటరుకూ చేయాలి. నొప్పి ఉంటే ఆగి కాస్త పైకి రావాలి, గట్టిగా ఊది తెరుద్దామని బలవంతం చేస్తే పరదా దెబ్బతింటుంది. ఇప్పటి నుంచి ఇంట్లో రోజూ మెల్లగా చేసి చూడండి, ఏ చెవి మొరాయిస్తుందో తెలిసిపోతుంది. జనవరి చలికి మన దగ్గర ఇంటింటా జలుబే. జలుబు ఉన్న రోజు డైవ్ మానేయండి. ముక్కు చుక్కలు వేసుకుని దిగొద్దు, కింద ఉండగా మందు పని అయిపోతే పైకి వచ్చేటప్పుడు గాలి ఇరుక్కుంటుంది, అది ఇంకా బాధ. ముందు రాత్రి దావత్ కూడా వద్దు.

నక్కలగుట్ట_వాసి:

అందరికీ చాలా థాంక్స్. మా ఆయనకు మొత్తం చదివి వినిపించాను. బావి ఈత గురించి రాసిన దగ్గర కాసేపు మాట్లాడలేదు, తర్వాత "అవును, బావిలో ఊపిరి బిగబట్టే కదా మునిగేది" అన్నాడు. మీసం దగ్గర మాత్రం ససేమిరా అంటున్నాడు. ఫారం తీసుకుని రేపు డాక్టర్ దగ్గరికి పోతున్నాం. అండమాన్‌కు ఒప్పుకున్నాడు, అక్కడ కూడా కాటేజీ మాత్రం బీచ్ పక్కనే ఉండాలట, సరే అన్నాను. నా కళ్లద్దాల సంగతి ఎవరూ చెప్పలేదు. అక్కడ భాష ఇబ్బంది ఉంటుందా?

మానేరు_ఒడ్డు:

భాష ఇబ్బందే లేదు. పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం) తెలుగువాళ్లు బాగానే ఉన్నారు, ఆటో ఎక్కితే తెలుగులోనే మాట్లాడిన డ్రైవర్లు తగిలారు మాకు. హావ్‌లాక్‌లో బెంగాలీలు ఎక్కువ, హిందీతో నడుస్తుంది. అక్కడికి ప్రైవేటు ఫెర్రీలో రెండు గంటలు అటూ ఇటూ, సంక్రాంతి రద్దీకి టికెట్లు ముందే బుక్ చేసుకోండి, సముద్రం బాగోలేకపోతే ఫెర్రీ రద్దు చేస్తారు కూడా. అందుకని ఫ్లైట్‌కు ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండేట్టు చూసుకుంటే విమానం ముందు ఆగాల్సిన గంటలూ గడిచిపోతాయి, సెల్యులార్ జైలు కూడా చూడొచ్చు. అక్కడ చీకటి తొందరగా పడుతుంది, జనవరిలో ఐదున్నరకల్లా సూర్యుడు పోతాడు, కాబట్టి హావ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్‌కు మధ్యాహ్నమే బయలుదేరండి. పిల్లలకని పగడపు ముక్కలు ఏరి బ్యాగులో వేసుకోకండి, వన్యప్రాణి చట్టం కింద నేరం, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు.

ఓరుగల్లు_నీటిచేప:

అద్దాలు మర్చిపోయాను. మెత్తటి కాంటాక్ట్ లెన్సులతో డైవ్ చేయొచ్చు, కానీ మాస్క్‌లోకి నీళ్లొస్తే కళ్లు మూసుకోవాలి, లేకపోతే లెన్స్ పోతుంది. అలవాటు లేకపోతే వాటి జోలికి పోకండి. పవర్ ఉన్న మాస్కులు కొన్ని షాపుల దగ్గర ఉంటాయి, బుక్ చేసేటప్పుడే రెండు కళ్ల పవర్ ఎంతో వాట్సాప్‌లో పంపి ఉందో లేదో కనుక్కోండి. ఇంకా, ఫొటోల కోసం ఎర్ర స్విమ్ డ్రెస్ కొనకండి, లోతుకు పోయేకొద్దీ మొదట పోయేది ఎరుపే, నల్లగా పడుతుంది. పసుపు తీసుకోండి.